తావియా అవ్వ రగ్గు

ఫ్రెంపోమా ఊరెళ్తోందన్న కబురు ఆ లోగిలి దాటి బయటికి ఎలా పొక్కిందో కనుక్కోడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. ఆమె చెప్పింది ఒక్క దేదేకి. దేదేది పక్క గది, ఎండుచేపల వ్యాపారం. దేదే చెవిలో ఒక మాట వేయడమూ, కనేషీ సంతలో మైకు పట్టుకుని అరవడమూ ఒకటే. బుధవారం పొద్దుటికల్లా అక్రా నగరంలో ఉన్న ఆమె సొంతూరు అబోదోమ్ వాళ్ళంతా తలా ఒక మూట పట్టుకుని గుమ్మంలో తేలారు.

"ఈస్టరుకి ఊరెళ్తున్నావటగా అక్కా! మా అమ్మకి ఈ సబ్బులు."

"మా మేనమామకి ఈ చెప్పులు. ఎడమది కాస్త బిగుతు. నాలుగు రోజులు తొడిగితే అదే సర్దుకుంటుందని చెప్పు. నేనన్నానని చెప్పకు, నువ్వే అన్నట్టు చెప్పు."

"మా చెల్లికి ఈ పౌడరు డబ్బా. మూత తియ్యకు తల్లీ, ఊడిందంటే మళ్ళీ పట్టదు."

కాదనడానికి వీల్లేదు. ఊరెళ్ళే మనిషి పదిమంది మూటలూ మోయాల్సిందే, మోయనంటే రేపు తన మూట ముట్టుకునేవాడుండడు. ఫ్రెంపోమా ఒక్కొక్కటే అందుకుని, "అలాగే, అలాగే, చేతికిచ్చి మరీ చెప్తాను" అంటూ మంచం మీద పేర్చింది. సాయంత్రానికి మంచం నిండిపోయింది. అందులో ఆమె సొంత మూట ఒక్కటే లేదు.

నలభై ఆరేళ్ళ మనిషి ఫ్రెంపోమా. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కనేషీ కూడలిలో మధ్యాహ్నం మూడింటి నుంచి చీకటి పడేదాకా పెండలం ముక్కలు వేయించి, కారపు పచ్చడితో కాగితంలో చుట్టి అమ్ముతుంది. పదహారో ఏట అక్రాలో దిగింది, ఇప్పటిదాకా ఆ మూకుడు ముందే నిలబడింది. రెండు చేతులూ మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలే. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. ఆమెకి అమ్మన్నా అయ్యన్నా ఊళ్ళో ఉన్న పిన్ని దుఫియే ఒక్కతే. నాలుగేళ్ళ పిల్లప్పుడు తల్లి పోతే, పిన్ని తన ముగ్గురు పిల్లల మధ్య చోటు చేసి దీన్ని కూర్చోబెట్టింది. ఒకే గిన్నెలో ఫుఫు ముద్ద, ఒకే చాప మీద పడక. పిన్ని వీపుకి ఆనుకుని పడుకునే చోటు మాత్రం ఫ్రెంపోమాదే, దానికోసం ఆ ముగ్గురూ ఏడ్చి గోల చేసినా సరే.

ఆ పిన్నిని చూసి ఆరేళ్ళయింది.

బస్సు ఛార్జీ లేక కాదు. మొహం చెల్లక. ముప్పై ఏళ్ళుగా అక్రాలో ఉన్న మనిషి చేతులూపుకుంటూ ఊళ్ళో దిగితే ఏం బాగుంటుంది? ఒక ఏడు నడుము నొప్పంది. ఒక ఏడు వానలంది. ఇంకో ఏడు, ఇదిగో బయల్దేరుతున్నా అంటూనే పండగ దాటించేసింది. ఫోనులో చెప్పిన ప్రతి సాకుకీ ఒక రగ్గు కలిపింది. "వచ్చే ఈస్టరుకి చూడు పిన్నీ, నీకు రగ్గు తెస్తాను. అలాంటిలాంటిది కాదు, కప్పుకుంటే కొండ మీద చలి కొండకే పోవాలి!" వానాకాలం వస్తే పిన్ని మోకాళ్ళు పట్టేస్తాయి మరి. ఆ మాట పిన్ని తన దగ్గరే ఉంచుకుంటే సరిపోయేది. ఉంచుకునే మనిషా! చర్చిలో, రేవులో, కోకో గింజలు ఎండబెట్టే తట్టల దగ్గర, కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. "మా పిల్ల నాకు రగ్గు తెస్తోంది, అక్రా నుంచి" అని ఆరేళ్ళు చెప్పింది.

ఈ ఏడు ఫ్రెంపోమా నిజంగానే డబ్బు పక్కన పెట్టింది. పండక్కి మూడు వారాలుందనగా మూకుడు అడుగు చిల్లుపడింది. మూకుడు కొనకపోతే తిండి లేదు. మూకుడు కొంటే రగ్గు లేదు. కొంది. మిగిలిన దాంతో పాత బట్టల గుట్టలు పోసి అమ్మేచోట వంగి వంగి వెతికి ఒక దుప్పటి ఏరుకొచ్చింది. బూడిదరంగుది, అంచుల్లో దారాలు లేచిపోయాయి. రెండుసార్లు ఉతికి, దారాలు కత్తిరించి, మడత పెట్టి చూసుకుంది. మడతలో ఉంటే పర్వాలేదనిపించింది.

గురువారం మధ్యాహ్నం దేదే వచ్చి, మంచం మీద చోటు చాలక నేల మీద కాళ్ళు చాపుక్కూర్చుని, గళ్ళ సంచిలో సామాను సర్దసాగింది. అడుగున బియ్యం, పంచదార. వాటి మీద సబ్బులు, టమాటా డబ్బాలు. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీటి బట్ట నలక్కుండా పైన.

"ఏదీ, ఆ మహారగ్గు ఎక్కడే? ఆరేళ్ళ నుంచి వింటున్నాను, చూసి తరిద్దాం" అంది దేదే.

ఫ్రెంపోమా దుప్పటి తీసి ఒళ్ళో పెట్టింది. దేదే దాన్ని విప్పి, కిటికీకి ఎదురుగా పట్టుకుంది.

"ఓసి నీ! ఇది రగ్గా? దీన్ని అడ్డం పెట్టుకుంటే అవతల నవ్వేవాడి పళ్ళు లెక్కపెట్టొచ్చే!"

"నీ నోరు పడిపోను, మెల్లిగా."

"మెల్లిగా అంటే చిక్కబడుతుందా? మీ కొండవాళ్ళ పిసినారితనం గురించి విన్నాను గానీ, పెంచిన తల్లికి దోమతెర పట్టుకెళ్తారని తెలీదు."

"మూకుడు చిల్లుపడిందని నీకు తెలీదూ?"

దేదే నాలిక్కరుచుకుంది. "తెలుసులే. నవ్వించడానికన్నాను. మంచి దుప్పటే, పర్లేదు" అని చక్కగా మడిచి ఇచ్చింది. ఆ "పర్లేదు" ఫ్రెంపోమాకి ఎగతాళి కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

సరిగ్గా అప్పుడొచ్చాడు బఫూర్.

బఫూర్ది కూడా అబోదోమే. పాత కార్లు విడగొట్టి సామాన్లు అమ్మే షాపులో పని. గోళ్ళ కింద ఎప్పుడూ గ్రీజే. వాడు నెత్తిన పెట్టుకుని తెచ్చినదాన్ని చూసి దేదే లేచి నిలబడింది. పిడి ఉన్న పారదర్శకపు జిప్పు సంచి, అందులో బిర్రుగా కుక్కిన రగ్గు. ఎర్రటి రంగు మీద ఇంత పులి మొహం, పళ్ళు బయటపెట్టి.

"చేత్తో పట్టుకోలేదక్కా, గ్రీజంటుతుందని" అన్నాడు దించుతూ. "కొన్నది కూడా నేను కాదు, మా ఓనరు భార్యని బతిమాలి తెప్పించాను. మా అమ్మకి."

"ఇది మీ అమ్మకా, రాణీగారికా?" అంది దేదే.

వాడు సిగ్గుపడి నవ్వాడు. "అమ్మకి కళ్ళు పొరలొచ్చేశాయి కదా, బొమ్మ ఎలాగూ కనబడదు. కానీ చేత్తో తడిమితే తెలుస్తుంది. ఏం తెచ్చావో ముందు చెప్పకక్కా. చేతిలో పెట్టు, అంతే. తను తడిమి తనే కనుక్కోవాలి." సంచికి పిన్నీసుతో ఒక కాగితం గుచ్చి ఉంది. 'మా అమ్మకు - బఫూర్' అని వంకర అక్షరాలు. "క్రిస్మస్ దాకా నాకు సెలవు దొరకదు. నీ చేతికిస్తే నేను వెళ్ళినట్టేనక్కా" అన్నాడు.

ఫ్రెంపోమా "అలాగే నాయనా" అంది. మిగతావాళ్ళకి చెప్పినట్టే చెప్పింది. ఆ క్షణంలో ఆమె మనసులో ఏ పాపమూ లేదు. అది మాత్రం నేను ఒట్టేసి చెప్పగలను.

బఫూర్ వెళ్ళాడు. దేదేని చేపల బేరానికి ఎవరో పిలిస్తే అదీ వెళ్ళింది. గదిలో ఫ్రెంపోమా, మంచం మీద పక్కపక్కనే రగ్గూ దుప్పటీ మిగిలారు.

జిప్పు కొంచెం తీసి వేలు పెట్టి చూసింది. వేలు మునిగిపోయింది. మొత్తం చెయ్యి పెట్టింది. బఫూర్ తల్లి తావియా అవ్వ ఇల్లు పిన్ని ఇంటికి ఎదురుగానే, మధ్యలో నాలుగడుగుల దారి. రేపు రెండు ఇళ్ళలో రెండు మూటలు విప్పుతారు. ఆరేళ్ళు ఊరంతా చాటించుకున్న దుఫియే ఒళ్ళో దోమతెర. ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పుకోని తావియా ఒళ్ళో పులి.

అక్కడ మొదలైంది. ఆ కాసేపట్లో ఆమె తనకు తాను చెప్పుకున్న సాకులు రాస్తే ఒక పుస్తకమవుతుంది. అవ్వకి కళ్ళు కనబడవు. కళ్ళు కనబడని మనిషికి పులైతేనేం, పిల్లైతేనేం. కప్పుకోడానికేగా, ఏదైనా ఒకటే. బఫూర్ వయసువాడు, ఇంకోటి కొంటాడు. క్రిస్మస్‌కి తనే మంచిది కొని తీసుకెళ్ళి, ఏదో చెప్పి మార్చేస్తుంది. అప్పటిదాకా తావియా అవ్వ దుప్పటి కప్పుకుంటే చచ్చిపోదుగా! ఇలా అనుకుంటూనే పిన్నీసు తీసింది. దుప్పటిని నల్ల ప్లాస్టిక్ సంచిలో దోపి, ఆ కాగితం దానికి గుచ్చింది. చేతులు వణకలేదు. ముప్పై ఏళ్ళు మరిగే నూనెలో ముక్కలు తిప్పిన చేతులు, అవి వణకవు.

దేదే తిరిగొచ్చి, "అదేంటి, అప్పుడే కట్టేశావా? పులిని ఎందులో కూర్చోబెట్టావు?" అంది.

"దాని సంచిలో అదుంది. మూతులు కట్టేశాను, మళ్ళీ విప్పించకు" అని కసిరింది ఫ్రెంపోమా. దేదే భుజాలెగరేసి, దారిలో తినమని వేయించిన చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది. 

శుక్రవారం పొద్దున్నే బస్టాండులో క్లీనరు మూటలన్నీ పైకి విసిరాడు. రగ్గు మాత్రం ఆమె ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుంది. పక్క సీటావిడ పులిని చూసి ముచ్చటపడింది.

"ఎవరికమ్మా?"

"మా పిన్నికి. నన్ను పెంచింది."

"అదృష్టవంతురాలు."

అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి రావడం ఫ్రెంపోమాని భయపెట్టింది. నిన్న అది గదిలో తను ఒక్కతే చేసిన పని. ఇప్పుడు దానికి ఒక మనిషి సాక్షి. దారిలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి ఆరు పొడుగాటి బ్రెడ్లు కొంది. బ్రెడ్డు లేకుండా ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళుండరు. చిల్లర తీసుకోవడం మర్చిపోతే ఆ అమ్మాయే బస్సు వెంట పరిగెత్తి ఇచ్చింది. అది చూసి ఫ్రెంపోమాకి ఎందుకో ఏడుపొచ్చింది.

మిట్టమధ్యాహ్నానికి ఊరు చేరింది. గుడ్‌ఫ్రైడే కదా, అందరూ నల్లబట్టలు కట్టుకుని చర్చి నుంచి తిరిగొస్తున్నారు. పిన్ని ఆమెని చూసి అరవలేదు, కావలించుకోలేదు. ముందు స్టూలు వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది. ఆమె తాగేదాకా ఆగి, తనూ ఎదురుగా కూర్చుంది.

"ఇక్కడంతా చల్లగానే ఉన్నాం. నువ్వు వచ్చిన పనేంటమ్మా?" అని, ఊరికి కొత్త మనిషిని అడిగినట్టే అడిగింది.

"మంచి పనే పిన్నీ. పండక్కి నిన్ను చూసి పోదామని."

మర్యాద అయిపోయింది. అప్పుడు పట్టుకుంది పిన్ని ఆమె జబ్బ. "ఏమే! అక్రాలో కుండలు పగిలిపోయాయా, ఇలా చిక్కావు? ఆరేళ్ళే! నేను చస్తే శవాన్ని చూడ్డానికైనా వస్తావా అనుకున్నాను!" అంటూ తిడుతూ ఏడ్చింది. అసలే పొట్టి మనిషి పిన్ని, ఇంకా పొట్టిదైపోయింది. ఫ్రెంపోమా ఆ కళ్ళలోకి చూడలేక, కుడిచేత్తో రగ్గు తీసి అందించింది.

"ప్రభువా, పులి! నన్ను తినెయ్యదు కదే!" అంది పిన్ని. నవ్వింది. చెంప ఆనించి చూసింది. ఇరుగమ్మలు నలుగురు చూడ్డానికొచ్చారు.

ఆ సందట్లోనే ఫ్రెంపోమా నల్ల సంచి పట్టుకుని దారి దాటింది. తావియా అవ్వ గుమ్మంలో కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. చేతిలో సంచి పెడితే, కాగితం తడిమి, "నా కొడుకు రాతే, గీతలు లోతుగా ఉంటాయి" అంది. దుప్పటి బయటికి తీసింది. మెల్లగా, ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా తడిమింది.

"బాగుందమ్మా. బరువు మోసుకొచ్చావు, నీ కడుపు చల్లగా ఉండ!"

బరువట! ఫ్రెంపోమా ఏదో గొణిగి వచ్చేసింది. ఆ పూట పిన్ని పామాయిలు పండ్ల పులుసుతో ఫుఫు పెట్టింది. చిన్నప్పుడు ఆమె కొట్లాడి తినే నత్తగుల్లలు కూడా వేసింది.  తింటూ ఫ్రెంపోమా, అయిపోయిందిలే, ఎవరికీ తెలీలేదు, అని ధైర్యం చెప్పుకుంది.

ఎంత మతిలేనిదో చూడండి! మా వైపు ఇచ్చిన రోజున చెప్పే దండాలు ఉత్తి నోటిమాట. అసలు దండాలు మర్నాడు తెల్లవారాక, ఇంటిపెద్దనీ ఇరుగుపొరుగునీ వెంటబెట్టుకుని వచ్చి చెప్పాలి. పుచ్చుకున్నది పదిమందికీ చూపించాలి. అక్రాలో అయితే ఒక థాంక్యూ పడేసి రోడ్డు దాటేస్తారు. ముప్పై ఏళ్ళ అక్రా, ఆరేళ్ళ దూరం, మొత్తానికి ఫ్రెంపోమా ఆ సంగతే మర్చిపోయింది. పైగా ఉన్నది పిన్ని ఇంట్లోనే కదా, ఇంట్లో మనిషికి ఇంట్లో మనిషి దండాలు చెప్పడమేంటి అనుకుంది కాబోలు.

శనివారం కోళ్ళు దిగేవేళకి వాకిట్లో గొంతులు వినిపించాయి. తలుపు తీసింది. ఎదురుగా ఏడెనిమిది మంది. ముందు ఇంటిపెద్ద అద్దాయి, భుజం మీంచి బట్ట కప్పుకుని, కర్ర పట్టుకుని. పక్కన పిన్ని. ఆ ఉక్కలో రగ్గు భుజాల మీద కప్పుకుని, చెమటలు కారుతూ, పులి మొహం వీపు మీద అందరికీ కనబడేలా నిలబడింది. వెనకాల ఎవరో చెయ్యి పట్టి నడిపిస్తుంటే తావియా అవ్వ.

ఫ్రెంపోమా వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఫ్రెంపోమా, మేం వచ్చిన పని చెడ్డది కాదు" అని మొదలుపెట్టాడు అద్దాయి. "నిన్న నువ్వు ఈ ఇంటి తల్లికి ఒక మర్యాద చేశావు. దాని బరువు తను ఒక్కతే మోయలేనంటోంది. అందుకని మమ్మల్ని పిలిచింది. తనూ, మేమూ కలిసి నీకు దండాలు చెప్పుకోడానికి వచ్చాం. దేవుడు నువ్వు తీసిన చోట మళ్ళీ నింపాలి."

"దండాలమ్మా, దండాలు" అన్నారందరూ.

"ఎంత మాట, దండాలెందుకు" అని దానికి బదులుగా ఫ్రెంపోమా అనాలి. అంది. 

"ఏదీ, దుఫియే, నన్నూ తాకనివ్వవే" అంది తావియా అవ్వ. పిన్ని వెనక్కి తిరిగి నిలబడింది. అవ్వ చెయ్యి పులి మీద పడింది. ముందు చకచకా కదిలింది. తర్వాత మెల్లిగా కదిలింది. తర్వాత ఆగిపోయింది.

"మెత్తగా ఉంది. చాలా మెత్తగా ఉంది" అని, తడుముకుంటూ వచ్చి ఫ్రెంపోమా పక్కన అరుగు మీద కూర్చుంది. "అమ్మా, ఒక్క మాట అడుగుతాను. నా దగ్గర దాచకు. నా కొడుకు బాగున్నాడా?"

"బాగున్నాడవ్వా."

"అందరూ ఉన్నారని అలా చెప్తున్నావేమో. వీళ్ళు మనవాళ్ళే. పనిలో ఉన్నాడా, తీసేశారా?"

"పనిలోనే ఉన్నాడవ్వా, నిజంగా."

"లేదమ్మా. వాడి సంగతి నాకు తెలుసు. సబ్బు పంపినా వాసన సబ్బే పంపుతాడు. రాత్రి ఆ దుప్పటి కప్పుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. చలికి కాదు. వీడు ఇలాంటిది పంపాడంటే వీడికి రోజులు బాగాలేవు అనుకున్నాను. ఎక్కడ పడుకుంటున్నాడో, ఏం తింటున్నాడో. వాడికేం లేకపోయినా అమ్మకి చెయ్యాలని పంపి ఉంటాడు, పిచ్చి వెధవ." అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు తిరిగెళ్ళేటప్పుడు నా పెండలాలన్నీ పట్టుకెళ్ళు. నాకేం అక్కర్లేదు, దుఫియే పెడుతుంది. పొగలో ఎండబెట్టిన మాంసముంది, అదీ తీసుకెళ్ళు. ఆ దుప్పటి కూడా తీసుకెళ్ళి వాడికే ఇచ్చెయ్యి. అమ్మ కప్పుకోమందని చెప్పు."

 అందరూ తావియా కొడుకు కష్టం గురించి బాధపడుతున్నారు. ఇరుగమ్మ ఒకావిడ అప్పుడే అయ్యో పాపం అనేసింది. ఫ్రెంపోమా పిన్ని వైపు చూసింది. పిన్ని మొహంలో కూడా జాలే. ఇంకొక్క మాట, "వాడు బాగానే ఉన్నాడవ్వా, దిగులుపడకు" అంటే చాలు, పులి పిన్ని భుజం మీదే ఉంటుంది. ఆరేళ్ళ గొప్ప నిలబడుతుంది. నోరు విప్పితే పిన్ని పరువు ఆ నడివాకిట్లో, ఆమె పిలుచుకొచ్చిన జనం ముందే పోతుంది.

"అవ్వా," అంది.  మళ్ళీ అంది. "అవ్వా, నీ కొడుకు పంపింది ఆ దుప్పటి కాదు. పిన్ని కప్పుకున్నదే నీ రగ్గు. ఆ దుప్పటి నేను కొన్నది. నేనే మార్చాను. కాగితం తీసి దానికి గుచ్చింది నేనే."

అద్దాయి దగ్గి, కోళ్ళ వైపు చూశాడు. ఇరుగమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. భూమి చీలితే బాగుండుననుకుంది ఫ్రెంపోమా, చీలదు కదా. తల దించుకుని తిట్ల కోసం చూస్తూ కూర్చుంది.

తావియా అవ్వ చప్పట్లు కొట్టింది.

"అయితే నా కొడుకు బాగానే ఉన్నాడన్నమాట!" అని బోసినోరంతా తెరిచి నవ్వింది. "విన్నారా అందరూ! వాడు బాగానే ఉన్నాడు! పులి కూడా ఉందా దాని మీద? ఏదీ, మొహమెక్కడ, చెయ్యి పెట్టించండి!"

తిట్టినా బాగుండేది. చెంప మీద ఒకటి కొట్టినా తుడుచుకునేది. ఆ ముసలిదాని సంతోషం చూసి ఫ్రెంపోమా అరుగు మీంచి జారి నేల మీద కూర్చుంది. ఒక తల్లికి ఒక రాత్రి నిద్ర లేకుండా చేసింది, తను దొంగిలించింది అదీ అనిపించింది.

పిన్ని రగ్గు తీసింది. తొందరపడలేదు. అంచుకి అంచు కలిపి మడిచి, కుడిచేత్తో తావియా ఒళ్ళో పెట్టింది. అవ్వ చెయ్యి పట్టుకుని పులి ముక్కు మీద పెట్టింది. ఫ్రెంపోమాతో ఒక్క ముక్క మాట్లాడకుండా దారి దాటి, అవ్వ ఇంట్లోకి వెళ్ళి, ఆ బూడిదరంగు దుప్పటి కప్పుకుని వచ్చింది.

"అద్దాయి అన్నా, పదండి, అందరూ బయటికి పదండి" అంది.

"ఎందుకే?"

"పదండి అంటుంటే."

జనం ఒకరి మొహాలొకరు చూసుకుంటూ వాకిలి దాటి దారి మీదకి వెళ్ళారు. పిల్ల చేసిన పనికి మమ్మల్ని గెంటుతోందేమిటా అనుకున్నారు. అవ్వని కూడా లేవదీసి పిన్నే తీసుకెళ్ళింది. వాకిట్లో ఫ్రెంపోమా ఒక్కతే మిగిలింది. ఒక నిమిషం తర్వాత అందరూ, ముందు వచ్చిన వరసలోనే, మళ్ళీ లోపలికి వచ్చారు. ముందు అద్దాయి, పక్కన పిన్ని, వెనకాల రగ్గు హత్తుకుని అవ్వ.

పిన్ని మోచేత్తో పొడిస్తే అద్దాయి గొంతు సవరించుకున్నాడు. "ఫ్రెంపోమా, మేం వచ్చిన పని చెడ్డది కాదు. నిన్న నువ్వు ఈ ఇంటి తల్లికి ఒక మర్యాద చేశావు..." ఒక్క మాట తగ్గించకుండా మొత్తం చెప్పాడు.

"దండాలమ్మా, దండాలు" అన్నారందరూ.

పిన్ని ఒక అడుగు ముందుకొచ్చింది. "రగ్గు రాలేదని ఈ ఆరేళ్ళూ నేను ఏడవలేదే. నువ్వు రాలేదని ఏడ్చాను. రగ్గు మాట జనానికెందుకు చెప్పానంటే, నువ్వు వస్తావని చెప్పడానికి నాకు అంతకన్నా వేరే మాట దొరక్క" అంది. కోపంగానే అంది. 

ఫ్రెంపోమా జవాబు చెప్పాలి. చెప్పందే వచ్చినవాళ్ళు కదలకూడదు. అందరూ ఎదురుచూస్తూ నిలబడ్డారు. 

"చెప్పవే. పొద్దున్నుంచీ వీళ్ళెవరూ ఏమీ తినలేదు" అంది పిన్ని.

"ఎంత మాట, దండాలెందుకు" అంది ఫ్రెంపోమా. ఎవరి మొహమూ చూడలేక, పిన్ని కాళ్ళ వైపు చూస్తూ చెప్పింది.